క్షయరోగౌషధములు: నూతన సమ్మేళనముల అన్వేషణము, పరీక్షణము

క్షయరోగమును కలిగించు సూక్ష్మజీవిని సంహరింపగల రసాయన సమ్మేళనములను కనుగొనుట, వానిని ప్రయోగశాలయందును, జంతువులయందును, తుదకు రోగులయందును క్రమముగా పరీక్షించుట, ఆ పరీక్షలకు నిలిచిన దానిని రోగికి అందుబాటులోనికి తెచ్చుట, ఈ మూడును కలిసి క్షయరోగౌషధ పరిశోధన యనబడును. మన ప్రాచీన వైద్యగ్రంథములలో రాజయక్ష్మయను పేర వర్ణింపబడి, వాడుకలో క్షయయనియు టీబీయనియు వ్యవహరింపబడు ఈ వ్యాధికి వేలకొలది ఏండ్లు మందు లేకుండెను. రోగి దేహములో ఈ సూక్ష్మజీవిని నిశ్చయముగా అణచగల తొలి ప్రసిద్ధౌషధము 1943లో మాత్రమే దొరకెను. మందులు లభించినను వ్యాధి తొలగిపోలేదు. ప్రపంచారోగ్యసంస్థ అంచనా ప్రకారము 2023లో 1 కోటి 8 లక్షల మంది క్షయరోగగ్రస్తులైరి. 12 లక్షల 50 వేల మంది మరణించిరి. రోగులలో నాల్గవ వంతునకు మించినవారు భారతదేశస్థులే.

ఇతర వ్యాధుల మందులను పరీక్షించుటకును క్షయ మందులను పరీక్షించుటకును ఒక ముఖ్యభేదము కలదు. మందు పనిచేసినదా యను ప్రశ్నకు జ్వరాదులలో కొలది దినములకే సమాధానము లభించును. క్షయయందు ఆ సమాధానమును కాలమే చెప్పవలెను: మందు మ్రింగుట మానిన ఏడాదికో ఏడాదిన్నరకో రోగము తిరుగబెట్టకుండ నున్నప్పుడే మందు గెలిచినదని చెప్పుటకు వీలగును. ఈ శాస్త్రమునందలి ప్రతి పద్ధతియు, ప్రతి విజయమును, ప్రతి భంగపాటును ఈ ఒక్క విషయముతో ముడివడియున్నవి.

సూక్ష్మజీవి స్వభావము

1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరములో రాబర్టు కోఖ్ క్షయకారకమగు సూక్ష్మజీవిని లోకమునకు ప్రకటించెను. ఔషధాన్వేషకులకు ఆనాటినుండి ఎదురైన కష్టములలో పెక్కింటికి ఆ జీవి స్వభావమే మూలము. మన ప్రేగులలో నివసించు సామాన్య సూక్ష్మజీవులు కొన్ని అనుకూల పరిస్థితులలో ఇరువది నిమిషములకొకమారు రెండింతలగుచుండగా, ఇది రెండింతలగుటకు ఇంచుమించు ఇరువది గంటలు పట్టును. అందుచేత పోషకద్రవ్యముపై విత్తిన క్షయక్రిములు కంటికి కనబడు గుంపులుగా ఎదుగువరకు మూడు మొదలు ఎనిమిది వారములు వేచియుండవలెను. దాని దేహమును మైనమువంటి క్రొవ్వుపదార్థములతో నిర్మితమైన దట్టమైన గోడ చుట్టియుండును; ఇతర క్రిములను సులభముగా చంపు మందులెన్నియో ఆ గోడను దాటి లోనికి పోజాలవు.

రోగి దేహములో ఈ క్రిములన్నియు ఒక్క తీరున నుండవు. ఊపిరితిత్తులలో ఏర్పడిన గుహలవంటి పుండ్లలో గాలి సోకుచుండుటచే వేగముగా పెరుగునవి కొన్ని. తమ్ము మ్రింగిన రక్షకకణములలోనే పులుపు నిండిన పరిస్థితియందు మందకొడిగా బ్రతుకునవి కొన్ని. జున్నువలె మారిన మృతధాతువులో ప్రాణవాయువు చాలక నిద్రించుచున్నట్లు పడియుండునవి మరికొన్ని. పెరుగుచున్న క్రిమిని చంపు మందు నిద్రించు క్రిమిని చంపకపోవచ్చును. రోగికి ఆకలి పుట్టి, దగ్గు తగ్గి, ఒంటికి కండ పట్టి, ఇక భయము లేదని మందు మానివేసిన కొన్ని నెలలకు వ్యాధి మరల తలయెత్తుటకు ఈ మిగిలిపోయిన క్రిములే కారణము. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు డెనిస్ మిచిసన్ ఈ భేదమును గుర్తించి, మందులకు వేరువేరు శక్తులున్నవని చూపెను: మొదటి దినములలో క్రిమిసంఖ్యను వేగముగా తగ్గించు శక్తి యొకటి, మిగిలిన మొండి క్రిములను సైతము తుడిచిపెట్టు శుద్ధీకరణశక్తి మరియొకటి. ఒకే మందులో ఈ రెండును సమానముగా నుండుట అరుదు.

మందుకు లొంగకపోవుట రెండవ కష్టము. ఐసోనియాజిడునకు లొంగని క్రిమి సుమారు పదిలక్షలలో ఒకటియు, రిఫాంపిసినుకు లొంగనిది సుమారు పదికోట్లలో ఒకటియు, ఆ మందుల నెన్నడు నెరుగని రోగిలోనే సహజముగా పుట్టుచుండును. ఒక పెద్ద గుహలో పదికోట్ల క్రిములుండుట వింత కాదు. కావున ఒకే మందు ఇచ్చినచో లొంగునవి చచ్చి, లొంగనివి ఖాళీయైన చోటునెల్ల ఆక్రమించుకొనును. రెండు మందులను కలిపి యిచ్చినచో రెండింటికిని లొంగని క్రిమి పుట్టుటకు అవకాశము నూరు లక్షల కోట్లలో ఒకటి మాత్రమే. అన్ని క్రిములు ఏ మనుష్యుని దేహమునను ఉండవు. క్షయకు మందులను ఎల్లప్పుడును కూర్పుగానే ఇచ్చుటకు మూలసూత్రము ఈ చిన్న గుణకారములో నున్నది.

తొలి ఔషధములు

క్రిమిని కనుగొన్న కోఖ్ మహాశయుడే 1890లో ట్యూబర్క్యులిను అను పదార్థమును నివారణోపాయముగా ప్రకటింపగా, దేశదేశములనుండి రోగులు ఆశతో బెర్లిను చేరిరి. కాని అది రోగమును మాన్పలేదు, కొందరికి హాని కూడ చేసెను. చక్కని పరీక్ష ముగియకమునుపే ఆశను ప్రకటించుట ఎంత ప్రమాదకరమో ఆ సంఘటన నేర్పినది. తరువాతి అరువది సంవత్సరములును విశ్రాంతి, శుభ్రమైన గాలి, పుష్టికరమైన ఆహారము, రోగగ్రస్తమైన ఊపిరితిత్తిని గాలి యెక్కించి కుదించుట, ఇవియే చికిత్సలు. మదనపల్లె సమీపమున 1915లో ప్రారంభింపబడి, డేనిషు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రీమొడ్ట్ మల్లర్ పర్యవేక్షణలో వృద్ధిచెందిన ఆరోగ్యవరము శానిటోరియము దక్షిణభారతమున ఈ పద్ధతికి పేరెన్నికగన్న నెలవు.

మట్టిలోని సూక్ష్మజీవులు తమలో తాము పోరాడుటకు స్రవించు పదార్థములలో మందులు దొరకవచ్చునని నమ్మి, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున రట్గర్సు విశ్వవిద్యాలయములో సెల్మన్ వాక్స్‌మన్ ఆచార్యుడు శిష్యులతో అన్వేషణము సాగించుచుండగా, 1943 అక్టోబరులో ఆల్బర్టు షాట్జ్ అను యువకుడు స్ట్రెప్టోమైసినును వేరుపరచెను. మేయో వైద్యశాలకు చెందిన విలియం ఫెల్డ్‌మన్, కార్విన్ హిన్షా అనువారు దానిని గినీపందులపై పరీక్షించి, క్షయ ముదిరిన జంతువులు సైతము కోలుకొనుటను చూచి, 1944 చివర రోగులకు ఇచ్చుటకు సాహసించిరి. అదే కాలమున స్వీడనులో యోర్గన్ లేమన్ మరియొక త్రోవ త్రొక్కెను. సాలిసిలిక్ ఆమ్లము తగిలినప్పుడు క్షయక్రిమి అధికముగా ప్రాణవాయువును పీల్చునని ఫ్రెడరిక్ బెర్న్‌హైమ్ 1940లో ప్రకటించియుండెను. క్రిమి ఆ పదార్థమును ఆహారముగా గైకొనుచున్నచో, దాని రూపమును కొలదిగా మార్చి యిచ్చి క్రిమిని మోసగింపవచ్చునని లేమన్ తర్కించెను. ఆ తర్కఫలమే పారా అమినో సాలిసిలిక్ ఆమ్లము, సంక్షిప్తముగా పి.ఏ.ఎస్. మట్టిని గాలించుట ఒకటి, క్రిమి జీవనరహస్యము నెరిగి అణువును మలచుట మరియొకటి. తరువాతి ఔషధాన్వేషణము చాలవరకు ఈ రెండు బాటలవెంటనే నడచినది.

1948 నాటి పరీక్ష

మందు దొరకుట ఒక ఎత్తు, అది నిజముగా పనిచేయుచున్నదని నిరూపించుట ఒక ఎత్తు. క్షయ కొందరిలో దానంతట అదియే నెమ్మదించుట కలదు గనుక, మందు తీసికొన్నవారు కోలుకొనిరని చూపుట చాలదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటనునకు లభించిన స్ట్రెప్టోమైసిను అత్యల్పము. అందరికిని ఇచ్చుటకు చాలదు. బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి ఈ కొరతనే నిష్పక్షపాతమైన పరీక్షకు అవకాశముగా గ్రహించెను. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను సంఖ్యాశాస్త్రజ్ఞుడు యాదృచ్ఛిక సంఖ్యల ననుసరించి, ఎవరికి మందు ఇవ్వవలెనో ఎవరికి విశ్రాంతి మాత్రమే ఇవ్వవలెనో ముందుగానే నిర్ణయించి, ఆ నిర్ణయములను మూసిన కవరులలో పెట్టించెను. రోగిని చేర్చుకొను వైద్యునికి తరువాతి కవరులో ఏమున్నదో తెలియదు. ఎక్స్‌రే ఛాయాచిత్రములను పరిశీలించు నిపుణులకు ఏ చిత్రము ఏ వర్గమువారిదో తెలియదు. ఈ విధమున వైద్యుని దయయు, ఆశయు, అభిమానమును ఫలితమును వక్రీకరింపకుండ కట్టుదిట్టము చేయబడెను.

పరీక్షలో పాల్గొన్న 107 మందిలో 55 మందికి మందును విశ్రాంతియు, 52 మందికి విశ్రాంతి మాత్రమును లభించెను. ఆరు నెలలు గడచుసరికి మొదటి వర్గమున నలుగురును, రెండవ వర్గమున పదునలుగురును మరణించిరి. 1948 అక్టోబరులో ప్రకటింపబడిన ఈ నివేదిక నేటి ఔషధపరీక్షలకెల్ల ఒజ్జబంతి యైనది. కాని ఆ ఆనందములోనే విచారమును దాగియుండెను: మందు తీసికొన్నవారిలో పెక్కుమంది క్రిములు కొలది నెలలలోనే దానికి లొంగనివైపోయెను, అయిదేండ్ల పిమ్మట లెక్కింపగా రెండు వర్గముల మరణసంఖ్యల భేదము చాలవరకు తరిగిపోయియుండెను. వెంటనే జరిగిన మరియొక పరీక్షలో స్ట్రెప్టోమైసినుతో పి.ఏ.ఎస్.ను కలిపి యిచ్చి చూడగా, లొంగని క్రిములు పుట్టుట మిక్కిలి తగ్గెను. కూర్పు యొక్క అవసరము అట్లు 1950 నాటికి ప్రత్యక్షముగా రుజువైనది.

ఐసోనియాజిడు మొదలు రిఫాంపిసిను వరకు

1912లో ప్రాగ్ నగరమున హాన్స్ మేయర్, యోసెఫ్ మాలీ అను రసాయనికులు తమ విద్యావ్యాసంగములో భాగముగా ఒక సమ్మేళనమును తయారుచేసి వర్ణించి విడిచిపెట్టిరి. అది క్షయకు దివ్యౌషధమని నలువది సంవత్సరములపాటు ఎవ్వరికిని తెలియదు. 1952లో హాఫ్‌మన్ లా రోష్, స్క్విబ్, బాయర్ అను మూడు సంస్థలు ఒకరి సంగతి ఒకరికి తెలియకయే దాని శక్తిని కనుగొనెను. అదియే ఐసోనియాజిడు: చౌక, నోట వేసికొనదగినది, క్రిమి మైనపుగోడకు కావలసిన ఆమ్లములను తయారుకానీయనిది.

ఈ చరిత్రలో ఆంధ్రులు గర్వపడదగిన ఘట్టమొకటి కలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు అధిపతియై, రసాయనికులు, జీవశాస్త్రజ్ఞులు, వైద్యులు ఒకే కప్పు క్రింద ఒకే లక్ష్యముతో పనిచేయు వాతావరణమును పెంపొందించి, 1948లో కన్నుమూసెను. నికోటినమైడు అను విటమినుకు క్షయక్రిమిపై కొంత ప్రభావమున్నదని తెలిసియుండుటచే, దానిని పోలిన అణువులను పరీక్షించుచు ఆ ప్రయోగశాలలవారు ఆయన మరణించిన నాలుగేండ్లకు పైరజినమైడును క్షయ సోకిన ఎలుకలయందు సఫలమని ప్రకటించిరి. 1961లో ఇథాంబుటాలు కూడ అచ్చటినుండియే వచ్చెను. నేటి ప్రామాణిక చికిత్సలోని నాలుగు మందులలో రెండింటికి అదియే పుట్టినిల్లు. పైరజినమైడు కథలో మరియొక పాఠమున్నది: సాధారణమైన పోషకద్రవ్యములో ఆ మందు క్రిమిని ఏమియు చేయదు, పులుపుగల పరిస్థితిలోనే దానికి బలము. పరీక్షానాళికను మాత్రమే నమ్మియుండినచో నేడు లక్షలాది ప్రాణములను కాపాడుచున్న మందు చెత్తబుట్టకు పోయియుండెడిది.

1957లో ఫ్రాన్సు దక్షిణతీరపు మట్టినుండి ఇటలీలోని మిలాను నగరమున లెపెటిట్ ప్రయోగశాలలవారు రిఫామైసినులను వేరుపరచిరి. అవి నోట వేసికొన్నచో ఒంటికి పట్టనివి. పియేరో సెన్సీ మొదలగువారు ఆ అణువునకు అనేక విధములైన మార్పులు చేసి చేసి, 1965లో రిఫాంపిసినును సాధించిరి. శుద్ధీకరణశక్తిలో దానికి సాటి అరుదు.

మద్రాసు పరిశోధనలు

మందులు లభించినను, లక్షలాది రోగులకు శానిటోరియములలో పడకలు ఎచ్చటివి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై భారత ప్రభుత్వము, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వము, భారతీయ వైద్య పరిశోధనా మండలి, ప్రపంచారోగ్యసంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి కలిసి 1956లో మద్రాసు చేట్‌పట్‌లో క్షయరోగ రసాయనచికిత్సా కేంద్రమును నెలకొల్పిరి. వాలెస్ ఫాక్స్ దానికి తొలి నాయకుడు. నగరములోని నిరుపేద రోగులను యాదృచ్ఛికముగా రెండు వర్గములు చేసి, ఒక వర్గమును శానిటోరియమున నుంచిరి. మరియొక వర్గమునకు ఇంటివద్దనే మందు ఇచ్చిరి. ఇరువర్గములకును ఏడాదిపాటు ఐసోనియాజిడు, పి.ఏ.ఎస్. అను మందులే. ఇంటివద్ద నున్నవారు ఇరుకిండ్లలో, చాలీచాలని తిండితో, పనిపాటలు మానక కాలము గడపినను, శానిటోరియమువారితో ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. వారితో కలిసి జీవించిన కుటుంబసభ్యులకు అదనముగా వ్యాధి సోకలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితము ప్రపంచమంతటను క్షయచికిత్సను శానిటోరియపు గోడలనుండి విముక్తము గావించెను.

ఈ కేంద్రమే రోగులు మందు నిజముగా మ్రింగుచున్నారో లేదో మూత్రపరీక్షలచే తెలిసికొనెను. దినదినమును కాక వారమునకు రెండుమారులు పర్యవేక్షకుల యెదుట ఇచ్చు పద్ధతిని పరీక్షించెను. ఐసోనియాజిడును కొందరి దేహము త్వరగాను కొందరి దేహము మెల్లగాను విరుగగొట్టుటవలన ఫలితములలో కలుగు భేదములను విచారించెను. మందు గుణము ఎట్టిదైనను రోగి దానిని తుదివరకు వాడగలడా యనుటయు ఔషధపరీక్షలో భాగమేయని మద్రాసు అనుభవము స్థాపించినది. నేడది జాతీయ క్షయరోగ పరిశోధనా సంస్థ యను పేర వ్యవహరింపబడుచున్నది.

స్వల్పకాల చికిత్స

ఏడాదియో ఏడాదిన్నరయో మందు వాడవలసిన కాలములో మధ్యలో మానివేయువారే యెక్కువ. 1970 ప్రాంతమున తూర్పు ఆఫ్రికా దేశములును బ్రిటిషు మండలియు కలిసి జరిపిన పరీక్షలలో, స్ట్రెప్టోమైసిను, ఐసోనియాజిడులకు రిఫాంపిసినునో పైరజినమైడునో చేర్చినచో ఆరు నెలలకే చికిత్స ముగింపవచ్చునని తేలెను. పూర్వము పెద్దమోతాదులలో కాలేయమునకు హాని చేసినదని ప్రక్కకు నెట్టబడిన పైరజినమైడు, తగ్గించిన మోతాదులో ఇట్లు మరల గౌరవము పొందెను. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడు, రిఫాంపిసిను, పైరజినమైడు, ఇథాంబుటాలు. తరువాతి నాలుగు నెలలు ప్రధానముగా మొదటి రెండు: ఈ కూర్పు క్రమముగా ప్రపంచమునకెల్ల ప్రమాణమైనది. ఆ విజయముతో అన్వేషణమునకు అలసట వచ్చినట్లయినది. ధనిక దేశములలో వ్యాధి తగ్గుటచే మందుల సంస్థలకు లాభాపేక్షయు సన్నగిల్లెను. 1960ల నడుమ వచ్చిన రిఫాంపిసిను పిమ్మట, క్షయకొరకే రూపొందిన పూర్తిగా క్రొత్తజాతి మందు 2012 వరకు అనుమతి పొందలేదు. ఆ మధ్యకాలములో ఐసోనియాజిడునకును రిఫాంపిసినుకును ఒకేసారి లొంగని క్షయ ప్రబలి, రోగులు రెండేండ్లవరకు విషప్రాయములైన మందులను, వినికిడిని హరించు సూదిమందులను సహింపవలసి వచ్చెను.

సమ్మేళనముల అన్వేషణము

1998లో క్షయక్రిమి జన్యుసంపుటము పూర్తిగా చదువబడినప్పుడు, సుమారు నాలుగువేల జన్యువుల పట్టిక చేతికి వచ్చుటచే, క్రిమికి ప్రాణావసరమగు ఎంజైములను ఎన్నుకొని వానిని అడ్డగించు అణువులను వెదకుట సులభమని శాస్త్రజ్ఞులు తలచిరి. కాని నాళికలో ఎంజైమును చక్కగా నిలిపివేసిన అణువులెన్నియో సజీవమైన క్రిమిని తాకనైన లేకపోయెను. మైనపుగోడ వానిని వెలుపలనే ఆపెను. అందుచేత అన్వేషకులు మరల పాతపద్ధతికే వచ్చి, వేలకొలది, లక్షలకొలది సమ్మేళనములను సజీవక్రిమిపైననే ప్రయోగించి, చంపిన దానిని ముందుగా పట్టుకొని, అది ఎట్లు చంపుచున్నదో తరువాత విచారించు మార్గమును ఎక్కువగా అవలంబించిరి.

బెడాక్విలిను ఇట్లే దొరకెను. బెల్జియమున కోఎన్ ఆండ్రీస్ బృందమువారు క్షయక్రిమికి దగ్గరి చుట్టమై, అపాయము లేనిదై, త్వరగా పెరుగునదైన మరియొక క్రిమిపై సమ్మేళనములను పరీక్షించి ఆ అణుజాతిని గుర్తించిరి. దానికి లొంగని క్రిములను కావలెనని పుట్టించి, వాని జన్యువులలో ఏ యక్షరము మారినదో చదువగా, ఆ మందు క్రిమికి శక్తిని సమకూర్చు ఏ.టి.పి. యంత్రమునే స్తంభింపజేయుచున్నదని వెల్లడియైనది. నిద్రించు క్రిమికి సైతము ఎంతోకొంత శక్తి అవసరము గనుక, ఈ మందు నిద్రించు వానిని కూడ చంపగలదు.

ప్రయోగశాలలోను జంతువులయందును

ఆశాజనకమైన సమ్మేళనము ముందుగా ఎంత స్వల్పపరిమాణములో క్రిమి పెరుగుదలను ఆపునో కొలువబడును. తరువాత రక్షకకణములలో దాగిన క్రిములపైనను, ప్రాణవాయువు లేక నిద్రించు క్రిములపైనను, రోగులనుండి లభించిన మొండి క్రిములపైనను అది పరీక్షింపబడును. క్రిములు గాలిలో వ్యాపించునవి గనుక, లోపలి గాలి వడగట్టబడనిదే వెలుపలికి పోకుండ కట్టిన ప్రత్యేక గదులలోనే ఈ పని జరుగవలెను. కాలేయమునకును గుండెకును హాని కలిగించునా, ప్రేగులనుండి రక్తములోనికి చేరునా, రక్తమునుండి జున్నువలెనున్న పుండు నడుమకు చొచ్చుకొనిపోవునా యను ప్రశ్నలన్నియు ఈ దశలోనే అడుగబడును. పెక్కు సమ్మేళనములు ఇచ్చటనే రాలిపోవును.

జంతుపరీక్షలకు చిట్టెలుక ప్రధానాధారము. క్షయ సోకించిన ఎలుకలకు కొన్ని నెలలు మందు ఇచ్చి, ఆపి, సుమారు మూడు నెలలు వేచి, ఊపిరితిత్తులలో క్రిములు మరల పెరిగినవో లేదో చూచుట రోగము తిరుగబెట్టుటను ముందుగా గ్రహించు పద్ధతి. సామాన్యమైన ఎలుకలలో మనుష్యులకువలె జున్నుమార్పు కలుగదు గనుక, అట్టి మార్పు కలుగు ప్రత్యేక జాతి ఎలుకలను, గినీపందులను, కుందేళ్ళను కూడ వాడుదురు.

మనుష్యులయందు పరీక్ష

మొదటి దశలో ఆరోగ్యవంతులైన స్వచ్ఛందసేవకులకు అత్యల్పమైన మోతాదుతో ప్రారంభించి, మెట్టుమెట్టుగా పెంచుచు, రక్తములో మందు నిలుచు కాలమును, గుండెలయను, కాలేయస్థితిని కనిపెట్టుదురు. రెండవ దశలో తొలి మెట్టు, క్షయరోగులకు క్రొత్తమందును కొలది దినములు, సాధారణముగా పదునాలుగు దినములకు మించకుండ ఇచ్చి, ప్రతిరాత్రియు సేకరించిన కఫములోని క్రిములు దినదినమును ఎంతగా తగ్గుచున్నవో లెక్కించుట. నైరోబీలో జరిగి 1980లో ప్రకటింపబడిన పరిశోధన ఈ పద్ధతికి పునాది. మొదటి రెండు దినములలో క్రిములను మెరుపువలె తగ్గించుటలో ఐసోనియాజిడునకు సాటి లేదని అందులో తేలెను. లొంగని క్రిములు పుట్టకుండుటకై ఈ గడువు ముగిసిన వెంటనే రోగికి పూర్తి ప్రామాణిక చికిత్స ప్రారంభింపబడును. తరువాతి మెట్టులో మందును కూర్పులో చేర్చి, ఎనిమిది వారములకు ఎందరి కఫము క్రిమిరహితమైనదో చూతురు.

మూడవ దశ ఈ మార్గములో అతిదీర్ఘమైనది. వందల, వేల రోగులను అనేక దేశములలో చేర్చుకొని, పాతకూర్పుతో పోల్చి, చికిత్స ముగిసిన పిమ్మట ఏడాదికి పైగా వారిని వెన్నంటి యుండవలెను. వ్యాధి మరల కనబడినచో అది పాతక్రిమియే మరల లేచుటవలన కలిగినదా, ఇరుగుపొరుగునుండి క్రొత్తగా సోకినదా యనుటను క్రిముల జన్యువులను ప్రక్కప్రక్కన పెట్టి చదివి నిర్ణయింతురు. ఏలయన మొదటిది మందు లోపము, రెండవది లోకము లోపము.

తొందరపాటు పనికిరాదనుటకు మాక్సిఫ్లాక్సాసిను చరిత్ర నిదర్శనము. ఎలుకలలో ఆ మందు చికిత్సాకాలమును తగ్గించెను. రోగులలో కఫము త్వరగా శుద్ధమగుచుండెను. ఆరు నెలల చికిత్స నాలుగు నెలలకు దిగునని అందరును ఆశించిరి. కాని 1,931 మందితో జరిగి 2014లో ప్రకటింపబడిన పెద్ద పరీక్షలో నాలుగు నెలల కూర్పులను వాడినవారిలో రోగము తిరుగబెట్టుట పాతచికిత్సకంటె అధికమని తేలెను. శాస్త్రజ్ఞులు నిరాశతో చేతులు ముడుచుకొనలేదు. అదే మందును, రిఫాంపిసినుకు మారుగా దేహమున ఎక్కువకాలము నిలుచు రిఫాపెంటినుతో దినదినమును కలిపి, 13 దేశములలో 2,516 మందితో మరల పరీక్షింపగా, నాలుగు నెలల చికిత్స ఆరు నెలల చికిత్సకు తీసిపోదని 2021లో స్థిరపడెను. అణువు ఒకటే, కూర్పు మారగా ఫలితము మారెను.

మొండిక్షయకు నూతన ఔషధములు

బెడాక్విలినుకు 2012 డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించెను. అనుమతికి ఆధారమైన చిన్నపరీక్షలో మందు తీసికొన్న 79 మందిలో పదిమందియు, మందు లేని ఉత్త మాత్ర తీసికొన్న 81 మందిలో ఇద్దరును మరణించిరి. గుండెలయలో మార్పును కనబడెను. మరణములకు మందే కారణమని తేలకపోయినను, హెచ్చరికతోను, జాగ్రత్తతోను దానిని వాడసాగిరి. దక్షిణాఫ్రికాలో వేలాది రోగుల అనుభవమును పరిశీలించినప్పుడు, ఈ మందు పొందినవారిలో మరణములు తక్కువగానే యున్నట్లు కనబడెను. అనుమతి లభించిన నాడు పరీక్ష ముగియదనియు, మందును వాడుచున్నంతకాలము పరీక్షయు సాగవలెననియు దీనివలన గ్రహింపవలెను.

2014లో ఐరోపాలో డెలమానిడును, 2019లో అమెరికాలో ప్రెటోమానిడును అనుమతి పొందెను. రెండవదానిని వాణిజ్యసంస్థ కాక, 2000లో స్థాపింపబడిన టీబీ అలయెన్స్ అను లాభాపేక్షలేని సంస్థ తుదివరకు నడిపించెను; దాని తయారీ హైదరాబాదు కేంద్రముగాగల మైలాన్ లేబొరేటరీస్ చేపట్టెను. దక్షిణాఫ్రికాలో ఏ మందుకును సులభముగా లొంగని క్షయతో బాధపడుచున్న 109 మందికి బెడాక్విలిను, ప్రెటోమానిడు, లినెజోలిడు అను మూడింటిని ఆరు నెలలు ఇవ్వగా పదింట తొమ్మిదిమంది కోలుకొనిరి. పూర్వము ఇట్టి రోగులలో బ్రతికినవారే తక్కువ. కాని లినెజోలిడువలన వారిలో అధికసంఖ్యాకులకు కాళ్ళు చేతులు తిమ్మిరెక్కి మంటలు పుట్టెను, పెక్కుమందికి రక్తము క్షీణించెను. తరువాతి పరీక్షలో మోతాదును సగమునకు తగ్గించి చూడగా, ఉపశాంతి చెడకుండ బాధలు తగ్గెను. 2022లో ప్రపంచారోగ్యసంస్థ ఈ మూడింటికి మాక్సిఫ్లాక్సాసినును చేర్చిన ఆరు నెలల కూర్పును సిఫారసు చేసెను. అంతలోనే బెడాక్విలినుకు లొంగని క్రిములు అక్కడక్కడ కనబడుచుండుటచే, తరువాతి మందులకై వెదకుట నిలుపరానిదైనది.

ఔషధపరీక్షయు ధర్మమును

ఈ మందులు ప్రజలకు అందుబాటులో నుండుటయు పరిశోధనలో అంతర్భాగమే. 2023 మార్చిలో బెడాక్విలిను పేటెంటు గడువును మరియొక పేటెంటుతో పొడిగింపగోరిన అభ్యర్థనను భారత పేటెంటు కార్యాలయము తిరస్కరించెను. దానిని ఎదిరించినవారిలో, పాతచికిత్సలోని విషప్రభావమువలన వినికిడి కోల్పోయి, క్షయను జయించి బ్రతికిన ఇద్దరు స్త్రీలుండిరి. తమకు కలిగిన నష్టము మరియొకరికి కలుగరాదనియే వారి పోరాటము. పిల్లలకు నీటిలో కరగు మాత్రలు, గర్భిణులకు తగిన మోతాదులు, ఎయిడ్సు మందులతో కలిపి వాడదగిన కూర్పులు, ఇవన్నియు వేరువేరుగా పరీక్షించి సాధింపవలసినవే. వీరిని పరీక్షలనుండి తప్పించుట వీరికి రక్షణయని పూర్వము భావించిరి, కాని దానివలన వీరికి తగిన మందే తెలియకుండ పోయెను.

ప్రతి నూతన సమ్మేళనము వెనుకను పరీక్షకు తమ దేహము నొప్పగించిన వేలమంది రోగులున్నారు. వారిలో అధికులు పేదలు, మద్రాసు, నైరోబీ, దక్షిణాఫ్రికా వంటి చోట్ల ఇరుకిండ్లలో కాపురముండినవారు. మాత్రలు వేసికొనుట ముగిసి, ఒంట్లో సుస్తీ యేమియు లేకున్నను, ఏడాది గడచిన పిమ్మటకూడ వారు బస్సెక్కి, ఆ పూట కూలి మానుకొని, ఆసుపత్రికి వచ్చి, చిన్నడబ్బాలో కఫము నిచ్చిపోవుదురు. దానిని పోషకద్రవ్యముపై విత్తి, ఎనిమిది వారములు కాచి చూచి, ఏమియు మొలకెత్తలేదని ప్రయోగశాలవారు పుస్తకములో వ్రాసికొన్న నాటికి గాని ఒక మందు గెలిచినదో ఓడినదో తెలియదు.